ముప్పదిరెండు ఎందుకు?

నాకు పండ్రెండేండ్ల ప్రాయమున, ఉన్నతపాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులొకరు నల్లబల్లపై ఒక సూత్రము వ్రాసిరి. సెల్సియస్ అంకెను 9చే గుణించి, 5చే భాగించి, 32 కలిపినచో ఫారన్‌హీటు అంకె వచ్చును. మేమందఱము దానిని పుస్తకములలో ఎక్కించుకొంటిమి. నేను మాత్రము లేచి నిలువబడి, "అయ్యా, ముప్పదిరెండు ఎందుకు కలుపవలెను?" అని అడిగితిని. వారు ఒక క్షణము నా వంక చూచి, "కలుపకపోతే పరీక్షలో మార్కులు పోతవి గనుక" అనిరి. తరగతి యంతయు నవ్వెను. నేను కూర్చుంటిని. ఆ యేడు పరీక్షలో ఆ లెక్కయే వచ్చెను. 32 కలిపితిని. నిండు మార్కులు వచ్చెను. ఎందుకు కలిపితినో మాత్రము నాకు తెలియదు.

తరువాత చాల ఏండ్లకు మా అమ్మాయి ఆ పాఠమునకే వచ్చి, నన్ను ఆ ప్రశ్నయే అడిగినది. నేనేదో పుస్తకము చదువుకొనుచుంటిని. "అది సూత్రమమ్మా, బట్టీపట్టు" అంటిని. నన్ను చూచి నవ్విన తరగతిలో నేనును చేరిపోయితినని ఆనాడు నాకు తోచలేదు. తోచుటకు మఱియొక రాత్రి రావలసి వచ్చెను.

అది 2016వ సంవత్సరపు శ్రావణమాసము. మా కుమారుడు ఉద్యోగరీత్యా దూరదేశమున నుండెను. నా భార్య అమ్మాయి పురిటికై వెళ్లియుండెను. ఇంటిలో నేను, ఎనుబదియేండ్ల మా అమ్మ, మా కోడలు, రెండేండ్ల మనుమడు మాత్రమే యుంటిమి. కోడలిని పుట్టినింటివారు ఇంటర్మీడియెటుతో చదువు మానిపించి మా యింటికి పంపిరి. ఆమెను ఇంకను చదివింపవలెనని మేము అనుకొనుచుంటిమి. అనుకొనుటతోనే మూడేండ్లు గడచిపోయెను. నేను స్త్రీవిద్యను గుఱించి సభలలో మాటలాడుచుండెడివాడను. ఈ రెండు సంగతులను ఒకచోట పెట్టి చూచుకొనుట నాకు అలవాటు లేదు.

ఆ నడిరేయి కోడలు నా గది తలుపు తట్టినది. "మామయ్యగారూ, బాబు ఒళ్లు కాలిపోతున్నది. సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడ పుచ్చుకోవడం లేదు" అన్నది. మా పాత పాదరసపు జ్వరమాపకము అంతకుముందే పగిలిపోగా, మందుల దుకాణములో అంకెలు చూపు క్రొత్త యంత్రమొకటి కొనితెచ్చియుంటిని. దానిని పిల్లవాని చంకలో నుంచితిమి. కొంతసేపటికి అది కూసెను. చూడగా 39.5 అని యున్నది.

మా యింటిలో జ్వరమనగా 98 దాటిన అంకె. నూఱు దాటిన భయము. నూటమూడు దాటిన పరుగు. ముప్పదితొమ్మిదిన్నర యను జ్వరము మా వంశములో ఎవరికిని వచ్చి యెఱుగము. "యంత్రము చెడినది" అని నేను తీర్పు చెప్పితిని. మఱల పెట్టితిమి, మఱల అదే అంకె. "చెడినదని చెప్పితిని గదా! తెల్లవారనిమ్ము, వేఱొకటి తెత్తును" అంటిని. మా అమ్మ మంచము దిగివచ్చి మనుమని కడుపుపై చేయి వేసి, "పేలాలు వేగేటట్టున్నదిరా" అన్నది. అమ్మకు ఎల్ల జ్వరములును పేలాలు వేగునవే. నేను చిన్నగా నవ్వి ఆమెను పడుకొనుమంటిని.

రెండు గంటలు గడచినవి. కోడలు మఱల వచ్చెను. ఈ మాఱు ఆమె చేతిలో యంత్రముతో పాటు ఒక కాగితము ముక్క గూడ నుండెను. "మామయ్యగారూ, యంత్రం చెడిపోలేదండీ. నా చంకలో పెట్టుకొని చూశాను. ముప్పైయాఱు పాయింటు ఏడు చూపింది. నాకు జ్వరం లేదు. బాబుకు ముప్పైతొమ్మిదిన్నర. ఇది ఏ లెక్కో నాకు తెలియదు కాని, నాకంటె వాడికి దాదాపు మూడు ఎక్కువున్నది. మామ్మగారి చెయ్యి కూడ అదే చెప్తున్నది" అన్నది.

నేను కాగితము చూచితిని. రెండు అంకెలు, వాని క్రింద తీసివేత, 2.8. అంతే. నా నోట సూత్రము నలువదియేండ్లుగా నున్నది. ఆ రాత్రి అది ఒక్కసారియైనను కదలలేదు. ఇప్పుడు కదిలెను. 39.5ను 9చే గుణించి, 5చే భాగించి, 32 కలిపితిని. 103.1 వచ్చెను. ఆ వెంటనే ఆటో తెప్పించి ఊరిలోని వైద్యుని యింటికి పోయితిమి. గొంతులో పుండు; ఒంటిలో నీరు తగ్గిపోయినది; ఇంకను ముందుగా తేవలసినదని ఆయన మెత్తగానే అనెను. ఎన్ని గంటలకు ఎంత జ్వరమున్నదని అడుగగా, కోడలు కాగితము చూపెను. "ఇట్లు వ్రాసి తెచ్చువారు ఎంత మంది!" అని ఆయన మెచ్చుకొనుచుండ, నేను గోడమీది బొమ్మలు చూచుచు నిలుచుంటిని. మూడవనాటికి పిల్లవాడు లేచి ఆడుకొనెను. ఆ రెండు గంటలు మాత్రము నా లెక్కలో నుండి పోలేదు.

ఆ యంత్రమున మీటను కొంతసేపు నొక్కిపట్టినచో కొలమానము మాఱునట. ఎవరి వ్రేలో తగిలి మాఱియుండును. దాని పెట్టెలోని కాగితము నేను చదువలేదు. కావున తప్పు యంత్రముది కాదు. దుకాణముదియు కాదు.

ఆ తరువాత నా చిన్ననాటి ప్రశ్నకు జవాబు వెదకితిని. అది దొరకుటకు ఒక సాయంకాలము చాలినది.

ఫారన్‌హీటు 1686లో డాన్‌జిగ్ నగరమున, అనగా నేటి పోలెండులోని గ్దాన్‌స్కున, పుట్టి, హాలెండులో పనిముట్లు చేసి బ్రదికినవాడు. పాదరసముతో నమ్మదగిన ఉష్ణమాపకములు చేసిన ఘనత ఆయనది. 1724లో లండను రాయల్ సొసైటీ పత్రికలో తన కొలబద్దను ఆయన వివరించెను. మంచు, నీరు, నవాసారము కలిపినప్పుడు కలుగు గడ్డు చలిని సున్న యనెను. ఉప్పు ఏదియు లేని మంచునీటిని 32 అనెను. ఆరోగ్యవంతుని శరీరమును 96 అనెను. 32కును 96కును నడుమ 64 గడులు. ఒక గీతను సగము చేసి, ఆ సగములను మఱల సగములు చేయుచు పోయినచో ఆఱవ మాఱు 64 గడులగును. గాజుగొట్టముపై చేతితో గీతలు గీయువానికి ఇది యెంత సుకరమో చెప్పనక్కఱలేదు. పిమ్మట నీరు మఱగు స్థానమును 212గా స్థిరపఱచి కొలబద్దను సవరింపగా, శరీరపు అంకె 96 నుండి కొంచెము పైకి జరిగెను. మంచునీటి అంకె 32గానే నిలిచెను.

ఇక సెల్సియస్ స్వీడను దేశమున ఉప్సాలాలోని జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. 1742లో ఆయన మంచునకును మఱగు నీటికిని నడుమ నూఱు భాగములు చేసెను. అయితే మఱగు నీటిని సున్న యనియు, మంచును నూఱనియు పెట్టెను! 1744లో ఆయన చనిపోయెను. ఆ దరిదాపులనే కొలబద్ద తలక్రిందై నేటి రూపము దాల్చెను. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ 'సెంటీగ్రేడు' అను పేరు మాన్పి 'సెల్సియస్' అను పేరు స్థిరపఱచెను.

కావున 32 అనునది ప్రకృతిశాసనము కాదు. ఒకడు ఉప్పుమంచు వద్ద నడక మొదలుపెట్టెను. మఱియొకడు వట్టి మంచు వద్ద మొదలుపెట్టెను. మొదటివాని అడుగు చిన్నది, రెండవవానిది పెద్దది. మంచు నుండి మఱుగు వఱకు ఒకడు 180 అడుగులు వేయగా, రెండవవాడు నూఱే వేయును. 180కిని 100కును గల నిష్పత్తియే 9కిని 5కును గల నిష్పత్తి. సూత్రములోని 9, 5 అడుగుల పొడవును చెప్పుచున్నవి. 32 బయలుదేఱిన చోటును చెప్పుచున్నది. ఈ మాట చెప్పుటకు నా ఉపాధ్యాయులకు పట్టునది రెండు నిమిషములు. మా అమ్మాయికి చెప్పుటకు నాకు పట్టునదియు అంతే.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఇందులో నొకటి కలదు. ఒక బాటపై ఇద్దఱు వేఱువేఱు చోట్ల మొదలుపెట్టి మైలురాళ్లు పాతిరనుకొందము. మా యిల్లు ఏ రాయి వద్ద నున్నదని ఒకరి లెక్కనుండి ఇంకొకరి లెక్కకు మార్చవలెనన్న, ఎక్కడ మొదలుపెట్టిరో తెలియవలెను. కాని మా యింటికిని గుడికిని ఎంత దూరమని యడిగినచో ఆ మొదటి చోటుతో పనియేమి? అడుగు పొడవు తెలిసిన చాలును. ఆ రాత్రి మా కోడలు చేసినది ఇదియే. తన వేడికిని బిడ్డ వేడికిని నడుమ దూరమును కొలిచినది. తీసివేతలో బయలుదేఱిన చోటు తనంతట తానే కొట్టివేయబడెను. ఆమె 2.8ని ఫారన్‌హీటులో చెప్పిన అయిదు, 32 కలుపనక్కఱలేదు. సూత్రము తెలిసిన నేను తెల్లబోయి కూర్చుండగా, సూత్రముతో పని లేని దారిని ఆమె పట్టుకొన్నది.

ఈ భేదము తెలియక నేను మఱియొక తప్పు గూడ చేసియుంటిని. ఆ యేడే వేసవిలో మా గ్రంథాలయమున భూతాపమును గుఱించి ప్రసంగించితిని. 2015లో పారిస్ ఒడంబడికలో దేశములన్నియు భూమి వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల సెల్సియస్‌లోపల నిలుపుటకు ప్రయత్నింతుమని ఒప్పుకొన్నవి. పాతకాలపు శ్రోతలకు సుబోధకముగా నుండునని దానిని ఫారన్‌హీటులోనికి మార్చి, "అనగా దాదాపు ముప్పదియైదు డిగ్రీలు" అని చెప్పితిని. సభ నిర్ఘాంతపోయెను. నిజమునకది 2.7 మాత్రమే. పెరుగుదల అనునది దూరము. నేను దానికి 32 అంటగట్టి ప్రళయమును సృష్టించితిని. చప్పట్లు మాత్రము బాగుగా కొట్టిరి.

మార్చుటలో మఱియొక మోసము గూడ కలదు. అది 98.6 చరిత్ర. జర్మనీలో లైప్‌జిగ్ నగరపు వైద్యుడు వుండర్లిక్ దాదాపు ఇరువదియైదువేలమంది రోగుల వేడిని కొలిపించి, 1868లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆరోగ్యవంతుని వేడి 37 డిగ్రీల సెల్సియస్ అని అందుండి లోకమునకు తెలిసెను. 37 అనునది గుండ్రని అంకె; 'సుమారు' అను మాట దానిలో దాగియున్నది. ఉదయము కొంత తక్కువ, సాయంకాలము కొంత ఎక్కువ యగుట గూడ ఆయన ఎఱిగినదే. ఆ 37ను ఫారన్‌హీటులోనికి మార్చగా 98.6 వచ్చెను. లెక్క తప్పు కాదు. కాని చుక్క తరువాతి ఆ ఆఱు, సుమారును ఖచ్చితముగా కనబఱచినది. 36.8 అయినను 37.2 అయినను దాదాపు 37 అందుము. ఫారన్‌హీటులో అవి 98.2, 99. నడుమ నున్న ఒక్క అంకెను మాత్రము పట్టుకొని, దానిపైన పదియవ వంతు పెరిగినను వ్యాధి యని ఇండ్లలో భయపడితిమి. 1992లో అమెరికాలో 148మంది ఆరోగ్యవంతులను పరీక్షింపగా సగటు 98.2 అని తేలెను.

మా యింటిలో 98.6 ధర్మశాస్త్రముగా నుండెను. నా భార్య ఎఱ్ఱగీత దాటినదనిన చాలును, పిల్లలకు అన్నము మాన్పి, బడి మాన్పి, లంఖణము పరమౌషధమని జావ పోసెడిది. సాయంకాలము ఆడి వచ్చిన పిల్లలకు 99 ఉండుట సహజమని మాకెవరు చెప్పిరి? ఎన్ని సాయంకాలములు ఆకలితో ఏడ్చిరో! నేడు వైద్యులు సాధారణముగా 38 డిగ్రీల సెల్సియస్, అనగా 100.4 ఫారన్‌హీటు మొదలుకొని జ్వరమందురు. ఒకవైపు లేని జ్వరమునకు పస్తులుంచితిమి. ఇంకొకవైపు ఉన్న జ్వరమును యంత్రదోషమంటిమి. రెంటికిని మూలమొక్కటే: అంకెను చూచితిమి గాని, అది ఎక్కడనుండి వచ్చినదో అడుగలేదు.

ఇట్లనుటచే అంకెలు లేని జ్ఞానము తక్కువదని చెప్పబోవుట లేదు. మన యిండ్లలో వేడిని కొలుచుటకు మాటలున్నవి: నులివెచ్చ, గోరువెచ్చ, చేయి పట్టనంత వేడి, తెర్లు. పాలు తోడు పెట్టు స్త్రీ ఏ గాజుగొట్టమును చూడదు, వ్రేలు ముంచును. మఱుసటి సంక్రాంతికి మా అమ్మ పొయ్యి కడ కూర్చుండి అరిసెలకు పాకము పట్టించెను. బెల్లపు పాకమును నీటి గిన్నెలో బొట్టు విడిచి, మెత్తగా ఉండ కట్టగానే "దించండి" అనెను. కోడలు వంటయింటి ఉష్ణమాపకమొకటి కొనియుండెను. దానిని పాకములో ముంచినది. 114 డిగ్రీల సెల్సియస్. ఉండపాకమునకు పుస్తకములలో చెప్పునది 112 మొదలు 116 వఱకు. మూడు వాయలకు మూడుమాఱులు చూడగా, అమ్మ "దించండి" అన్నప్పుడెల్ల అంకె ఆ నాలుగు గీతల నడుమనే యుండెను. కోడలు ఆశ్చర్యముతో ఆ సంగతి చెప్పగా మా అమ్మ ఆ కడ్డీని అటునిటు త్రిప్పి చూచి, "ఫరవాలేదే, నీ పుల్ల బాగానే చెప్తున్నది" అన్నది.

ఆమె యంత్రమును పరీక్షించి ఉత్తీర్ణతనిచ్చెను. ఆ రాత్రి బిడ్డ కడుపుపై వేసిన చేయియు ఈ చేయియే. దానిని చూచియే నేను నవ్వితిని. ఆమె 'పేలాలు వేగుట'యు ఒక కొలమానమే. దానిని నా కొలమానములోనికి మార్చుకొను ఓపిక నాకు లేకపోయినది. అయితే ఆ చేయి పోయినపిమ్మట పాకము ఎవరు పట్టుదురు? 114 అని కోడలు తన పుస్తకములో వ్రాసికొన్నది. చేతికి తెలిసినది కాగితమునకు చేరిన గాని ఇంకొక చేతికి అందదు. అంకెల ప్రయోజనము అదియే.

మూడవ కొలమానమొకటి కలదు. దానిని గుఱించి ఒక్క మాట. శీతకాలపు ఉదయమున లంబసింగిలో 5 డిగ్రీలు, విశాఖపట్టణమున 20 డిగ్రీలు ఉన్నవనుకొందము. విశాఖ నాలుగు రెట్లు వేడిగా నున్నదనవచ్చునా? ఫారన్‌హీటులో అవి 41, 68. నాలుగు రెట్లు ఏవి? రెండు సున్నలును మనుష్యులు తమ సౌకర్యమునకు పెట్టుకొన్నవి కనుక రెట్లు చెప్పుటకు పనికిరావు. ఇక చల్లబడుటకు వీలులేని చోటును సున్నగా తీసికొను కొలమానమును 1848లో విలియం థామ్సన్ ప్రతిపాదించెను. ఆయనయే తరువాత లార్డ్ కెల్విన్ అయ్యెను. సెల్సియస్ అంకెకు 273.15 కలిపిన కెల్విన్ అగును. అడుగు పొడవులో భేదము లేదు. ఆ లెక్కలో లంబసింగి దాదాపు 278, విశాఖ 293. నాలుగు రెట్లన్నది నూటికి అయిదు పాళ్ల హెచ్చుగా తేలినది. 2019 మొదలు ఈ కెల్విన్‌ను ఏ నీటికిని ఏ మంచునకును ముడిపెట్టక, బోల్ట్‌స్‌మన్ స్థిరాంకముపై నిలిపిరి. ఉప్పుమంచు గిన్నెతో మొదలైన నడక అంత దూరము వచ్చినది.

గృహిణులకు ఈ సూత్రమంతయు నేల యని అడుగువారుందురు. ఔషధపు సీసాపై సెల్సియస్ ఉండును; ఇంటి జ్వరమాపకమున ఫారన్‌హీటు ఉండును; వార్తలలో ఎండ సెల్సియస్‌లో చెప్పుదురు; అమెరికాలోని చెల్లెలు ఫారన్‌హీటులో చెప్పును. రెండు భాషలు వాడుకలో నున్న యింట రెండును తెలిసినవారు ఒకరైనను ఉండవలెను గదా. నోటిలెక్కకు సులభమైన దారి యొకటున్నది. సెల్సియస్‌ను రెట్టింపు చేసి, వచ్చినదానిలో పదియవ వంతు తీసివేసి, 32 కలుపుడు. 40కి రెట్టింపు 80. ఎనిమిది తీసిన 72. ముప్పదిరెండు కలిపిన 104. తిరిగి రావలెనన్న మొదట 32 తీసివేసి సగము చేసి, ఆ సగమునకు దాని పదియవ వంతును, ఆ వంతులో మఱల పదియవ వంతును చేర్చుడు: 72లో సగము 36, 3.6, 0.36 చేర్చిన దాదాపు 40. పెరుగుదల, తగ్గుదల, తేడా అయినచో 32 జోలికి పోవలదు.

ఈ నాలుగు వాక్యములు మా యింటి మందుల బీరువా తలుపు లోపలివైపున కోడలి చేవ్రాతతో అంటింపబడియున్నవి. ఆ కాగితము అంటించిన నెలలోనే ఆమె పేరు దూరవిద్యలో చేర్పించితిమి. ఆమె పట్టభద్రురాలయ్యెను. ఇది మేము ఆమెకు చేసిన ఉపకారముగా బంధువులు చెప్పుకొందురు. ఎవరు ఎవరికి బాకీయో ఇంటిలోని వారికి తెలియును.

ఇటీవల మనుమడు బడినుండి వచ్చి, పుస్తకము తెఱచి, నన్ను అడిగెను: "తాతయ్యా, ముప్పైరెండు ఎందుకు కలపాలి?" నేను వాని తల్లిని పిలిచితిని. ఆమె గ్లాసులో మంచుముక్కలు నలుగగొట్టి, కొంచెము నీరు పోసి, ఉష్ణమాపకము ముంచి, సున్న చూపినది. పిమ్మట గుప్పెడు ఉప్పు వేసి కలిపినది. అంకె సున్న దాటి క్రిందికి దిగసాగెను. "ఇంకా కిందికి పోతోందే! ఎక్కడ ఆగుతుంది?" అని వాడు గ్లాసుమీదికి వంగెను. నేనును కుర్చీ దగ్గఱకు జరుపుకొని చూచుచు కూర్చుంటిని.